అయ్యవారి జీవితాన్ని పుస్తకంగా వేయాలనుకుంటే

ప్రొద్దుటూరులో నాది డీటీపీ పని, అంటే అచ్చుకు వెళ్లే మ్యాటరు కంప్యూటరులో కొట్టి పెట్టడం. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, ఓటర్ల జాబితాలు అన్నీ ఒక ఎత్తు, ఉపాధ్యాయుల ఉద్యోగ విరమణ సంచికలు ఒక్కటే ఒక ఎత్తు. ‘ఆదర్శమూర్తి’, ‘నిగర్వి’, ‘మృదుభాషి’, ‘విద్యార్థుల పాలిట కల్పవృక్షం’ వంటి మాటలు కొట్టడానికి నాకు కీబోర్డు వంక చూడాల్సిన పనే లేదు. ఒక సంచికలోని పేరు తీసేసి ఇంకొక అయ్యవారి పేరు పెడితే వాళ్లింట్లోవాళ్లు కూడా కనిపెట్టలేరు. ఊరూరా బదిలీల మీద తిరుగుతూ 38 ఏళ్లు పిల్లల చేత అక్షరాలు దిద్దించిన మనిషి గురించి మిగిలేది ఈ నాలుగు విశేషణాలేనా అని విసుగు పుట్టేది.

అందుకే మా అయ్యవారికి 81వ ఏట సహస్ర చంద్ర దర్శనం (వెయ్యి పున్నములు చూసినవారికి చేసే వేడుక) చేయాలని పాత విద్యార్థులు పూనుకుని, సంచిక పని నాకు అప్పగించినప్పుడు ఒక్క షరతు పెట్టాను. పొగడ్తలు వేదిక మీద ఎవరికి తోచినంత వారు చెప్పుకోవచ్చు, పుస్తకంలోకి మాత్రం జరిగినవే రావాలి. ఏ ఊరు, ఏ సంవత్సరం, ఏం జరిగింది, ఎవరు చూశారు. మీ ఊళ్లోనూ అలాంటి అయ్యవారో, టీచరమ్మో ఉండి, వారి చేత మాట్లాడించే ఓపిక మీకుంటే ఈ పని ఎలా చేయాలో చెబుతాను. వారు బతికుండగానే మొదలుపెట్టండి. సంస్మరణ సంచికకు అడగ్గానే అందరూ వ్యాసాలిస్తారు గానీ, తేదీ తప్పు పడితే దిద్దేవారుండరు.

పుట్టిన తేదీ దగ్గరే మొదటి చిక్కు

ఆ తరం అయ్యవార్లలో పుట్టిన తేదీ జూలై 1 అని ఉన్నవారు కోకొల్లలు. బడిలో చేర్చుకున్న పంతులు పిల్లవాణ్ని ఒకసారి ఎగాదిగా చూసి, వయసు సరిపోయేలా లెక్క వేసి రాసుకున్న తేదీ అది. ఉద్యోగానికి అదే ప్రమాణం, పుస్తకానికి మాత్రం కాదు. అలాగని దాన్ని పక్కన పడేయకండి. నెల మొదటి తేదీన పుట్టినవారు అంతకు ముందు నెల చివరి రోజునే విరమణ చేయాలన్నది నిబంధన. అందుకే జూలై 1 వారందరికీ వీడ్కోలు సభ జూన్ 30న జరుగుతుంది. మా అయ్యవారికీ అంతే: కాగితం మీద పుట్టుక 1944 జూలై 1, విరమణ 2002 జూన్ 30.

అసలు తేదీ కావాలంటే ఇంట్లో పెద్దవాళ్లను తెలుగు సంవత్సరం అడగండి. అయ్యవారి అక్కగారు తడుముకోకుండా, తారణ నామ సంవత్సరం, కార్తీక మాసం అని చెప్పారు. తారణ అంటే 1944 ఉగాది నుంచి 1945 ఉగాది దాకా. కార్తీకం కాబట్టి అక్టోబరు, నవంబరు నెలల మధ్య. సర్వజిత్తు అంటే 1947–48, ఖర అంటే 1951–52, నందన అంటే 1952–53. మిగిలినవి పంచాంగం చూసి వరుసగా లెక్కపెట్టుకోవచ్చు. అయితే అరవై ఏళ్లకు అదే పేరు మళ్లీ వస్తుంది, తాతకూ మనవడికీ ఒకే సంవత్సరం పడవచ్చు. ఏడాది పేరు గుర్తు లేనివాళ్లకు కరువు గుర్తుంటుంది. గంజి కేంద్రాలు పెట్టిన కరువునాటికి పిల్లవాడు చంకలో ఉన్నాడా, నడుస్తున్నాడా అని అడిగితే 1952కు అటో ఇటో తేలిపోతుంది. మన సీమలో ఆగస్టు 15 కన్నా అది బాగా జ్ఞాపకం.

విరమణ వయసు దగ్గరా తొందరపడకండి. 1983లో ప్రభుత్వం దాన్ని 58 నుంచి 55కు తగ్గించింది. 1925–28 మధ్య పుట్టినవారు ఆ ఏడాది ఒక్కసారిగా ఇంటిదారి పట్టారు. తర్వాత మళ్లీ 58 అయింది, 2014లో 60, 2022లో 62. పాత హెడ్మాస్టరు ‘ముందే మానుకున్నారు’ అని ఎవరైనా చెబితే, మానుకున్నారా, మాన్పించారా అన్నది ఈ సంవత్సరాలతో సరిచూసుకోండి.

కాగితాలు

ముందుగా అడగవలసింది సర్వీసు రిజిస్టరు నకలు. అసలుది కార్యాలయంలో ఉంటుంది గానీ, జాగ్రత్తపరులు ఒక నకలు ఇంట్లో ఇనప్పెట్టెలో దాచుకుంటారు. దాన్ని పట్టుకుని ఒక పెద్ద కాగితం మీద ఊరు, చేరిన తేదీ, రిలీవైన తేదీ, హోదా మాత్రమే రాసుకోండి. పుస్తకానికి అదే ఎముకల గూడు. ‘బాల్యం’, ‘విద్యాభ్యాసం’, ‘సేవలు’, ‘సన్మానాలు’ అని అధ్యాయాలు పెట్టవద్దని నా గట్టి సలహా. ఊరికొక అధ్యాయం పెట్టండి. అయ్యవారి జ్ఞాపకాలు గుణాల వరుసలో రావు, ఊళ్ల వరుసలోనే వస్తాయి. చదివేవాళ్లు కూడా ముందు తమ ఊరు ఎక్కడుందో వెతుక్కుంటారు.

తేదీ లేని కాగితం దొరికితే ముద్ర చూడండి. మద్రాసు ప్రభుత్వం పేరుంటే 1953 అక్టోబరు 1కి ముందుది. కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రానిదైతే ఆ తర్వాతి మూడేళ్లలోది. జిల్లా బోర్డు అని ఉంటే 1959కి ముందుది, పంచాయతీ సమితి అని ఉంటే ఆ తర్వాతది. మండలం అన్న మాట కనిపిస్తే 1985కు ఇటువైపుది. జిల్లా పేరు మాత్రం అప్పటిదే వేయండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక నంద్యాల, పుట్టపర్తి వేరే జిల్లా కేంద్రాలయ్యాయి, రాయచోటి కడప జిల్లా నుంచి అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. 1970లో రాయచోటి తాలూకాలో పనిచేసిన మనిషిని ఇప్పటి పటం మీదికి లాక్కురాకూడదు.

తర్వాత బడికి వెళ్లి హెడ్మాస్టరును అడ్మిషన్ రిజిస్టరు, లాగ్‌బుక్కు చూపించమని అడగండి. లాగ్‌బుక్కులో స్కూళ్ల ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చినప్పుడు రాసిన నాలుగు ముక్కలుంటాయి. బోర్డు రంగు వెలిసింది, రెండో తరగతి లెక్కల్లో వెనుకబడింది, వంకలో నీళ్లొచ్చి హాజరు తగ్గింది. ఆ పొడిమాటల్లో ఉన్నంత నిజం ఏ సన్మానపత్రంలోనూ ఉండదు. అడ్మిషన్ రిజిస్టరులో అయ్యవారు చేరిన ఏడాది ఆడపిల్లల పేర్లు లెక్కపెట్టండి, ఆయన బదిలీ అయిన ఏడాది మళ్లీ లెక్కపెట్టండి. రాయచోటి వైపు ఊళ్లో ఆయన చేరిన ఏడాది పేజీలో ఆడపిల్లల పేర్లు రెండే రెండు. వెళ్లిపోయిన ఏడాదివి పక్క పేజీలోకి కూడా పాకాయి. ‘స్త్రీ విద్యకు ఎనలేని కృషి’ అన్న వాక్యాన్ని కొట్టేసి ఆ రెండు అంకెలు వేశాను. రిజిస్టరులో పిల్లల కులాలు, తండ్రుల వివరాలు కూడా ఉంటాయి. అవి చూసినా పుస్తకంలోకి రాకూడదు, ఫోనులో ఫొటో తీసి గ్రూపుల్లో పంచనూ కూడదు.

హెడ్మాస్టరు కాదంటే సమాచార హక్కు చట్టం ఉంది, అయ్యవారే తన వివరాల కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ మొదటే ఆ చట్టం పేరెత్తకండి. పాత విద్యార్థినని చెప్పి, బెంచీ మీద కూర్చుని, బడి గంట మోగేదాకా ఆగితే అయ్యే పనిని దరఖాస్తు పెట్టి నెల రోజులు సాగదీయడం ఎందుకు?

బడే లేకపోతే? మా అయ్యవారి మొదటి బడి ఇప్పుడు గండికోట జలాశయం అడుగున ఉంది. ఊరు కదిలినా బడి పునరావాస కాలనీలో కొనసాగుతోంది, పాత రిజిస్టర్లు అక్కడి బీరువాలో కనిపించాయి. శ్రీశైలం ముంపు ఊళ్లవారూ అలాగే విచారించాలి. కర్నూలువారి బాధ వేరు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర ఊరిమీద పడినప్పుడు ఇళ్లలోని సర్టిఫికెట్లు, ఆల్బములు నానిపోయాయి. అలా నాని ఎండి, ఒకదానికొకటి అతుక్కున్న ఫొటోలను గోటితో పీకకండి, పాత ఫొటోలు బాగుచేసే స్టూడియోకు ఇవ్వండి. తడి ఆరని కాగితాన్ని ఎండలో వేయకుండా, ఇస్త్రీ పెట్టకుండా, మధ్య మధ్య తెల్ల కాగితాలు పెట్టి నీడన ఫ్యాను కింద ఆరబెట్టాలి.

మాట్లాడించడం

ఇది అన్నిటికన్నా పెద్ద పని. ‘మీ జీవిత విశేషాలు చెప్పండి సార్’ అంటే ఎంతటివారైనా ఉపన్యాసం మొదలుపెడతారు. మా అయ్యవారూ ‘విద్య వలన వినయం’ అని అందుకున్నారు. మధ్యలో ఆపి, మొదటి బడికి ఏ దారిన వెళ్లారు సార్ అని అడిగాను. అంతే, ఉపన్యాసం పోయి మనిషి బయటికి వచ్చారు. జమ్మలమడుగులో బస్సు దిగి, పరుపుచుట్ట నెత్తిన పెట్టుకుని నడుస్తుంటే బండి మీద పోతున్న రైతు ఎక్కించుకున్నాడట. ఎవరింటికి అని అడిగితే బడికి అన్నారట. బడి ఏదయ్యా, ఇంకా చావిట్లోనే గదా అన్నాడట ఆ రైతు. కడప బండలు పరిచిన ఆ చావిడిలో ఎండాకాలం పొద్దునపూట ఏ మూల చల్లగా ఉండేదో, పిల్లలు ఆ మూల కోసం ఎలా తన్నుకునేవారో ఆయన చేతులు తిప్పుతూ చూపించారు.

అందువల్ల ప్రశ్న చిన్నదిగా, వస్తువుల గురించి ఉండాలి. మొదటి జీతం ఎవరు తెచ్చి ఇచ్చారు? అద్దె ఇంట్లో నీళ్లు ఎక్కణ్నుంచి? సైకిలు ఎప్పుడు కొన్నారు? అమెరికా పాలపొడి, ఉప్మా రవ్వ బడికి వచ్చిన రోజుల్లో పొయ్యి ఎవరు వెలిగించేవారు? జనాభా లెక్కలకు వెళ్లినప్పుడు తలుపుల మీద గేరుతో అంకెలు వేస్తే ఎవరైనా తిట్టారా? ఎన్నికల డ్యూటీకి ఏ ఊరు పడింది? ‘సమాజ సేవ’ గురించి అడిగితే ఏమీ చేయలేదమ్మా అంటారు. ఇలా అడిగితే ఊరు ఊరంతా ఆయన వీపు మీద ఎలా నడిచిందో తెలుస్తుంది.

ఉత్తరాల సంగతి అలాగే బయటపడింది. రాయచోటి, రాజంపేట వైపు మగవాళ్లు కువైట్‌కు పోవడం ఎక్కువైన కాలం అది. చదువురాని ఇళ్లకు ఉత్తరం చదివి పెట్టేదీ, జవాబు రాసిచ్చేదీ అయ్యవారే. సాయంత్రం బడి వదిలాక అరుగు మీద నీలం ఏరోగ్రామ్ (విదేశాలకు పంపే మడత ఉత్తరం) మోకాలి మీద పెట్టుకుని కూర్చుంటే, అత్త చెబుతూ ఉంటుంది, కోడలు తలుపు పక్కన నిలబడుతుంది. అందరం బాగున్నాం, బర్రె ఈనింది, అప్పులవాడు వచ్చి పోయాడు, డబ్బు పంపు. అత్త మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లినప్పుడు కోడలు గబగబా రెండు మాటలు చెప్పేది. అయ్యవారు వాటిని మడత పెట్టే అంచున సన్నని అక్షరాలతో రాసి, అత్త వచ్చేలోపు జిగురు అంటించేసేవారు. ఆ రెండు మాటలు ఏమిటని అడిగితే చెప్పలేదు. నేనూ రెట్టించలేదు, మీరూ రెట్టించకండి. ఇంతకాలం దాచినదాన్ని పుస్తకం కోసం బయటపెట్టమనడం మర్యాద కాదు.

రికార్డు చేయడానికి మామూలు ఫోను చాలు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, ఫ్యాను, టీవీ ఆపించండి, ఫోనును ఆయనకు జానెడు దూరంలో తువ్వాలు మీద పెట్టండి. బల్ల మీద పెడితే గ్లాసు పెట్టిన చప్పుడు కూడా పిడుగులా వినిపిస్తుంది. పొద్దున టిఫిను అయ్యాక గంటసేపు మించవద్దు. ఆ వయసులో మధ్యాహ్నం తర్వాత జ్ఞాపకాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆ రాత్రే ఫైలుకు ఊరి పేరు, తేదీ పెట్టి ఇంకొక చోట కూడా భద్రం చేయండి.

అమ్మగారితో వేరుగా మాట్లాడండి, అయ్యవారు బజారుకు వెళ్లినప్పుడు. నేను కొట్టిన సంచికలు చాలావాటిలో ఆవిడ ఫొటోలో కుర్చీ పక్కన నిలబడి ఉంటారు, అంతే. ఏడో తరగతి కామన్ పరీక్షల ముందు పిల్లలు అయ్యవారింటి వసారాలో పెట్రోమాక్స్ లైటు కింద రాత్రిళ్లు చదివి అక్కడే పడుకునేవారని పాత విద్యార్థులంతా రాశారు. తెల్లారి వాళ్లకు సంగటి ఎవరు కెలికారు, కిరోసిన్‌కు డబ్బు ఎక్కణ్నుంచి వచ్చింది అని ఒక్కరూ రాయలేదు. ఆ లెక్క ఆవిడకు వేళ్ల మీద ఉంది. ఆ అధ్యాయాన్ని ఆవిడ మాటల్లోనే వేశాను.

బెత్తం, కక్షలు

విద్యార్థులను రాయమంటే సగం మంది తిన్న దెబ్బల గురించే రాస్తారు. చింతబరికె, గోడకుర్చీ, తొడపాశం. అదంతా తలుచుకుని నవ్వుకోవడం మనకు అలవాటు. వద్దని కొట్టేయకండి, అలాగని ముచ్చటగానూ అచ్చువేయకండి. పిల్లల మీద చెయ్యి చేసుకోవడాన్ని 2009 విద్యా హక్కు చట్టం నిషేధించింది. అప్పుడు తప్పనిపించనిది ఇప్పుడు ఎలా అనిపిస్తోందని అయ్యవారినే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. దెబ్బలకు భయపడి బడి మానేసిన పిల్లల్లో ఇద్దరి పేర్లు ఇప్పటికీ గుర్తున్నాయన్నారు. వారి పేర్లు తీసేసి, మిగిలిన మాట ఆయన అనుమతితో వేశాం.

ముఠా కక్షలున్న ఊళ్లో పనిచేసిన అయ్యవారైతే ఇంకా జాగ్రత్త. రెండు వర్గాల పిల్లల్ని ఒకే బెంచీ మీద కూర్చోబెట్టడమే అక్కడ పెద్ద పని. ఊళ్లో గొడవ జరిగిన రోజు తలుపులు మూసి, చీకటి పడ్డాక ఒక్కొక్క తల్లిని పిలిచి పిల్లల్ని అప్పగించిన సంగతి మా పుస్తకంలో ఉంది. ఊరి పేరు లేదు, సంవత్సరం లేదు, ఏ ఇంటిపేరూ లేదు. మిగిలిన అధ్యాయాలన్నిటికీ తేదీ కావాలని పోరుపెట్టినదాన్ని ఈ ఒక్కచోట నేనే తీసేశాను. ఆ పిల్లలు ఇప్పుడు పిల్లల తల్లులు, తండ్రులు. ఆరిన నిప్పును మనం ఊదనక్కర్లేదు.

ఫొటోలు

గ్రూపు ఫొటోలో పేర్లు కనుక్కోవడానికి తేలికైన దారి ఉంది. ఫొటోను పెద్దదిగా ప్రింటు తీయించి, పైన ట్రేసింగ్ కాగితం పరిచి, ఒక్కొక్క తల చుట్టూ గీత గీసి అంకె వేయండి. ఆ అంకెల కాగితాన్ని పట్టుకుని ముగ్గురు నలుగురిని వేరువేరుగా అడగండి. అందరినీ ఒకచోట కూర్చోబెడితే గట్టిగా మాట్లాడేవాడు చెప్పిందే ఖాయమవుతుంది. ఇద్దరు ఒకటే చెబితే రాయండి, లేకపోతే ఖాళీ వదలండి. అసలు ఫొటో వెనక బాల్‌పెన్నుతో రాయకండి, ముందువైపు గాడి పడుతుంది. మెత్తని పెన్సిలు వాడండి. స్కానింగు 600 డీపీఐలో చేయించండి. ఫోనుతో తీసి వాట్సాప్‌లో పంపిన ఫొటో అచ్చులో మసకబారుతుంది. తప్పనిసరైతే డాక్యుమెంటుగా పంపమనండి.

అచ్చు

ఇక్కడ నా వృత్తి కాబట్టి నాలుగు మాటలు ఎక్కువే చెబుతాను. మ్యాటరు కొట్టించేటప్పుడు ఏ ఫోనులోనైనా తెరుచుకునే యూనికోడ్‌లోనే కావాలని ముందే చెప్పండి. మా కేంద్రాల్లో అను ఫాంట్ల అలవాటు ఇంకా పోలేదు. కాగితం మీద అక్షరాలు అందంగానే ఉంటాయి గానీ, ఆ ఫైలును రేపు మీ అబ్బాయి ఫోనులో తెరిస్తే గజిబిజి గుర్తులు కనిపిస్తాయి, అందులో ఊరి పేరు వెతికినా దొరకదు.

డెమ్మీ 1/8 అనే మామూలు పుస్తకం సైజులో ఫారానికి (మడిచి కుట్టే ఒక పెద్ద అచ్చు కాగితానికి) 16 పేజీలు. కాబట్టి మొత్తం పేజీలు 64, 80, 96 ఇలా తేలేటట్టు చూసుకోండి. 83 పేజీలు వస్తే ఖాళీలు నింపడానికి ఎవరో ఒకరి కవిత్వం దూరుతుంది. లోపల 70 లేదా 80 జీఎస్‌ఎం (కాగితం బరువు కొలత) మ్యాప్‌లితో అనే మామూలు తెల్ల కాగితం చాలు, ఫొటోలన్నీ కలిపి మధ్యలో ఆర్టు పేపరు మీద వేస్తే ఖర్చు తగ్గుతుంది. రెండు మూడు వందల కాపీలలోపైతే డిజిటల్ ప్రింటింగు గిట్టుబాటు, అంతకు మించితే ఆఫ్‌సెట్. చందాలిచ్చినవారి పేర్లు చివరి పేజీలో ఒకే సైజు అక్షరాల్లో, అకారాది క్రమంలో వేయండి. ఎక్కువిచ్చినవారికి పెద్ద అక్షరాలు పెట్టమని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఒప్పుకోకండి.

ప్రూఫులు మూడుసార్లు. మొదటిసారి మీరు, రెండోసారి తెలుగు పండితులు, మూడోసారి పేర్లు మాత్రమే, ఎవరి పేరు వారే. ముస్లిం పేర్లు, ఇంటిపేర్లు మనకు తెలుసనుకుని రాస్తే తప్పులు పడతాయి. ఒకే మనిషి పేరు ఒక పేజీలో బాష, ఇంకో పేజీలో బాషా అని ఉంటే ఆయన పుస్తకంలో ఇంకేమీ చదవడు. అయ్యవారికి కూడా ప్రూఫు ఇవ్వండి, కానీ ఎర్ర ఇంకు పెన్ను ఇవ్వకండి. మా అయ్యవారు అలవాటు కొద్దీ విద్యార్థుల వ్యాసాలన్నిటికీ మార్కులు వేసి పంపారు.

కాపీలు పంచేటప్పుడు పనిచేసిన ప్రతి బడికీ ఒకటి, గ్రామ గ్రంథాలయానికి ఒకటి, కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి రెండు ముందే తీసి పెట్టండి. సభలో పంచాక మిగుల్తాయిలే అనుకుంటే ఒక్కటీ మిగలదు. పీడీఎఫ్‌ను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా పెట్టవచ్చు. అయితే పుస్తకంలో ఎవరి ఫోను నంబర్లూ, ఇంటి చిరునామాలూ లేవని చూసుకున్నాకే పెట్టండి.

ఆవిష్కరణ రోజు వేదిక పక్కన ఒక బల్ల వేసి, గీతల నోటుపుస్తకం, దారం కట్టిన పెన్ను పెట్టండి. భోజనాలు కానివ్వకుండానే ఎవరో ఒకరు పుస్తకం తెరిచి, ఆ ఏడాది బడి చావిట్లో కాదు, దేవళం మంటపంలో జరిగింది అంటారు. వాదించకండి. పేజీ నంబరు, తప్పు, ఒప్పు, చెప్పినవారి పేరు, ఫోను నంబరు ఆ నోటుపుస్తకంలో వారి చేతే రాయించుకుని, నెల తర్వాత ఒక్కొక్కరికీ ఫోను చేసి, కాగితంతో సరిచూసి, రెండో ముద్రణకు ఫైలు దిద్దుకోండి.